ఎంజీఎంటీ అన్‌మిథైలేటెడ్ అని వస్తే టెమోజోలోమైడ్ మానేయాలా?

నాన్నగారికి గ్లియోబ్లాస్టోమా, అదే మెదడులో వచ్చే క్యాన్సర్ కణితి, ఆపరేషన్ అయ్యింది, రిపోర్టులో ఐడీహెచ్ వైల్డ్ టైప్, ఎంజీఎంటీ అన్‌మిథైలేటెడ్ అని రాశారు, ఇంక టెమోజోలోమైడ్ అనే కీమో మాత్రలు దండగేనా అని అడిగారు కదండి. నేను డాక్టర్ని కాదు, ఆమదాలవలసలో మా చిన్నమావయ్యని ఇదే జబ్బుతో 19 నెలలు వైజాగ్‌కీ ఇంటికీ తిప్పినోడిని, అంతే.

ముందు వైల్డ్ టైప్ అన్న మాటకి హడలిపోకండి. మా అత్తయ్య అయితే అదేదో పిచ్చిగా పెరిగిపోయే రకం అనుకుని రాత్రంతా ఏడుస్తానే ఉంది. ఐడీహెచ్ అనే జీన్‌లో మార్పు లేదని దానర్థం. 2021 నుంచి డబ్ల్యూహెచ్ఓ లెక్కలో పెద్దోళ్లకి ఆ మార్పు లేని కణితినే గ్లియోబ్లాస్టోమా అంటున్నారు, మార్పుంటే ఆస్ట్రోసైటోమా కిందకి పోద్ది. అంటే మీకు ఇది కొత్త చెడ్డ కబురేం కాదు.

అసలు సంగతి ఎంజీఎంటీదే. టెమోజోలోమైడ్ కణితి డీఎన్‌ఏని పాడుచేస్తే ఈ ఎంజీఎంటీ అనే ప్రొటీన్ వెనకాలే వచ్చి రిపేరు చేసేస్తది, మిథైలేటెడ్ అంటే ఆ రిపేరు షాపుకి తాళం పడినట్టు. మీకు తాళం పడలేదు, మా మావయ్యకీ పడలేదు. 2005లో వచ్చిన పెద్ద ట్రయల్‌లో తాళం పడినోళ్లకి రేడియేషన్‌తో పాటు మాత్రలిస్తే సగం మంది 21.7 నెలలు దాటారు, పడనోళ్లకి అది 12.7 నెలలే, వాళ్లకే మాత్రలు లేకుండా రేడియేషన్ ఒక్కటే ఇచ్చినా 11.8. ఈ రెండంకెలు చూసే నేనూ డాక్టర్‌ని అడిగేశాను, ఎందుకండీ మరి వాంతులూ ఖర్చూ అని. ఆయన ఇంకో అంకె చూపించారు, తాళం పడనోళ్లలోనే రెండేళ్లు దాటినోళ్లు రేడియేషన్ ఒక్కదానితో 100కి ఇద్దరు కూడా లేరు, మాత్రలు కలిపితే 14 మంది దాకా. వేసుకున్నాం. అదే వార్డులో మిథైలేటెడ్ అని సంబరపడిన పార్వతీపురం ఆయన తొమ్మిది నెలలకే పోయారు పాపం, ఆ కాయితం ఎవరికీ తారీకు రాసివ్వదండి. నాన్నగారి వయసు రాయలేదు మీరు, 70 దాటి నీరసంగా ఉంటే మాత్రం ఈ టెస్టుకి బరువెక్కువ, అప్పుడు మాత్రలు లేకుండా చిన్న కోర్సు రేడియేషన్ ఒక్కటే అనొచ్చు, గట్టిగా అడగండి.

మాత్రలు ఖాళీ కడుపుతోనే, అరగంట ముందు వాంతుల బిళ్ల. మావయ్య సాయంత్రం ఆరుకే గంజన్నం తాగేసి పడుకునే ముందు వేసుకునేవాడు. రక్తపరీక్ష అస్సలు తప్పించొద్దు, ప్లేట్‌లెట్లు పడిపోతాయి, మాకు ఒక కోర్సు అలాగే వాయిదా పడింది.

ఇంకొకటి, రేడియేషన్ అయ్యాక తీసే మొదటి ఎంఆర్ఐలో పెరిగినట్టు కనిపించినా వెంటనే మందు ఆపించేయకండి, మొదటి మూడు నెలల్లో అది వాపు కూడా అవ్వొచ్చు. మావయ్యకి అలాగే కనిపిస్తే ఇంట్లో అందరం భోజనాలు మానేసి కూర్చున్నాం, రెండు నెలలాగి మళ్లీ తీస్తే తగ్గి ఉంది.