ఫ్లోరైడ్ మచ్చలు పోతే నోటికి చెయ్యి అడ్డం పెట్టుకునే అలవాటు కూడా పోతుందా?

కనిగిరి దగ్గర ఊరు, 22 ఏళ్ళు, పళ్ళ మీద గోధుమరంగు చారలు, నలుగురిలో నవ్వాలంటే భయం, వచ్చే నెల ఇంటర్వ్యూ, పళ్ళు బాగుచేయించుకుంటే ఈ బాధ పోతుందా అని అడిగావు. తమ్ముడూ, మాది నల్గొండ జిల్లా మర్రిగూడ వైపు. నాదీ ఇదే కథ కాబట్టి కొంచెం వివరంగా రాస్తున్నాను. చాలావరకు పోతుంది, కానీ అంతా పళ్ళతోనే పోదు.

ఊళ్ళో ఉన్నన్నాళ్ళూ నా పళ్ళ సంగతి నాకు తెలియనే తెలియదు, మా క్లాసులో చాలామందికి ఇవే పళ్ళు. ఇంటర్‌కి హైదరాబాద్ వచ్చి హాస్టల్లో చేరిన మొదటి వారంలోనే ఒకమ్మాయి, చెడ్డగా కాదు, మామూలుగానే "నువ్వు రోజూ బ్రష్ చెయ్యవా?" అని అడిగింది. ఆ రోజు నుంచి రోజుకి మూడుసార్లు తోమడం, ఉప్పు, నిమ్మచెక్క, బొగ్గుపొడి, చివరికి ఇటుకపొడి కూడా. మచ్చ ఒక్కటీ పోలేదు, చల్లనీళ్ళు తాగితే పళ్ళు జివ్వుమనడం మాత్రం మొదలైంది. నువ్వూ ఇలాంటివి చేస్తుంటే ఈరోజే ఆపెయ్. తర్వాత మాట్లాడేటప్పుడు చెయ్యి దానంతటదే నోటి దగ్గరికి వెళ్ళేది. క్లాసులో జవాబు తెలిసినా లేచేదాన్ని కాదు. గ్రూప్ ఫోటో అంటే వెనక వరస, మూతి బిగించి. అందరూ నన్ను నెమ్మదస్తురాలు అనేవాళ్ళు, నేను కూడా అదే నా స్వభావం అనుకున్నాను, ఇంటికెళ్తే గలగలా మాట్లాడేదాన్నని మర్చిపోయి.

పెళ్ళిచూపుల్లో ఒకావిడ మా అమ్మతో "పిల్ల బాగుంది గానీ పళ్ళు గార పట్టినట్టున్నాయి" అన్నప్పుడు నాకంటే మా నాన్నే ఎక్కువ కుంగిపోయాడు. ఆ రాత్రి "ఆ బోరు నేనే ఏపిచ్చిన బిడ్డా" అన్నాడు. మంచినీళ్ళకని అప్పు చేసి వేయించిన బోరు అది. ఆయన పళ్ళూ అలాంటివే, ఆయన మోకాళ్ళ నొప్పులు వేరే.

నాకు మొదట ఊరట దొరికింది వైద్యంతో కాదు, ఒక డాక్టరమ్మ మాటతో. పళ్ళు చూసి "ఇది మురికి కాదమ్మా, మీ నీళ్ళు" అంది. పళ్ళు చిగురు లోపల తయారయ్యే వయసులో, అంటే దాదాపు ఎనిమిదేళ్ళ లోపు, ఫ్లోరైడ్ ఎక్కువున్న నీళ్ళు తాగితే ఎనామెల్, అంటే పంటి పైనుండే గట్టి పొర, సరిగ్గా గట్టిపడదట, ఆ మచ్చ పంటిలోనే ఉంటుంది కాబట్టి ఎంత తోమినా రాదు. మన దేశంలో ఈ సమస్యని 1937లో మొదట గుర్తించింది అప్పటి నెల్లూరు జిల్లాలో, మీ కనిగిరి, పొదిలి కూడా అప్పుడు ఆ జిల్లాలోనివే. మన తాతల కాలం నుంచి నేలలో ఉన్నదానికి నేను సరిగ్గా తోమక వచ్చిందని ఆరేళ్ళు సిగ్గుపడ్డాను! ఆ రోజు బస్సులో ఏడ్చాను, బాధతో కాదు.

వైద్యం సంగతి. స్కేలింగ్ చేస్తే గార పోతుంది, ఫ్లోరైడ్ మచ్చ పోదు, ఎవరైనా పోతుందంటే డబ్బు కట్టకు. మచ్చ పైపైనే ఉంటే మైక్రో అబ్రేషన్ (పంటి పైపొరని చాలా పల్చగా రుద్ది తీయడం), బ్లీచింగ్ (మందుతో రంగు తేలిక చేయడం) సరిపోవచ్చు. నాకు ముందు పళ్ళు ఆరింటికి కాంపోజిట్ (పంటి రంగులో ఉండే పూత) వేశారు, అది కొన్నేళ్ళకి రంగు మారుతుంది, అంచులు విరుగుతాయి, మళ్ళీ వేయించుకోవాలి. వెనీర్లకైతే (పంటి ముందు అతికించే పల్చటి పెంకులు) చాలాసార్లు ఎనామెల్ కొంత అరగదీయాలి, అది తిరిగి రాదు కాబట్టి తొందరపడొద్దు. విజయవాడలో, హైదరాబాద్ అఫ్జల్‌గంజ్‌లో ప్రభుత్వ డెంటల్ కాలేజీ ఆసుపత్రులున్నాయి, ముందు అక్కడ చూపించుకో.

వేయించుకుని అద్దంలో చూసుకుంటే ఎంత సంతోషమో చెప్పలేను. కానీ మర్నాడు ఆఫీసులో నవ్వొస్తే చెయ్యి మళ్ళీ నోటి మీదికే వెళ్ళింది! అది మానడానికి ఏడాదిన్నర పట్టింది. పక్క సీటు అక్కకి విషయం చెప్పి, చెయ్యి లేస్తే సైగ చెయ్యమన్నాను, అదే బాగా పనిచేసింది. బయటికి రావడమే మానేసేంత, నిద్ర పట్టనంత బాధగా ఉంటే మాత్రం పళ్ళ డాక్టర్ ఒక్కరే సరిపోరు, మానసిక ఆరోగ్యం కోసం ప్రభుత్వం నడిపే హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416కి ఫోన్ చెయ్యి, ఉచితం, తెలుగులో మాట్లాడతారు.

ఇంటర్వ్యూలోపు పళ్ళ పని కాకపోయినా పర్వాలేదు. ఇంట్లో ఎవరినైనా ఎదురుగా కూర్చోబెట్టుకుని, రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని, రోజూ ఐదు నిమిషాలు నీ గురించి గట్టిగా చెప్పు. మొదటి రెండు మూడు రోజులు చేతులు లేస్తాయి, దించి మళ్ళీ మొదలుపెట్టు. ఇంటర్వ్యూ అయ్యాక ఎలా జరిగిందో ఇక్కడ రాయి, చూస్తుంటాను.