జడ్జిగారిని ఏం అడుగుతావు?

అమ్మాయీ,

నువ్వు పంపిన పిటిషన్ డ్రాఫ్ట్ రెండుసార్లు చదివాను. నలభై పేజీల్లో భూమి ఎంత వేడెక్కిందో చక్కగా రాశావు. చివర్లో కోర్టును అడిగింది మాత్రం ఒక్క వాక్యం: ‘వాతావరణ మార్పును ఆపేలా ప్రభుత్వాన్ని ఆదేశించాలి’. నాకు టెన్షన్ పట్టుకుంది అక్కడే. జడ్జిగారు ‘సరే’ అన్నారనుకో, మర్నాడు పొద్దున ఏ అధికారి ఏ కాగితం మీద ఏం రాయాలి? ఆ జవాబు నీ దగ్గర లేకపోతే ఆయన దగ్గరా ఉండదు.

అమెరికాలో 2015లో 21 మంది పిల్లలు, కుర్రాళ్లు కలిసి కేంద్ర ప్రభుత్వం మీద కేసు వేశారు. బొగ్గు, చమురు లాంటివాటి నుంచి వచ్చే ఉద్గారాలను తగ్గించుకుంటూ పోయే ప్రణాళిక తయారు చేయించమన్నారు. 2020లో అప్పీలు కోర్టు వాళ్ల గోడు నిజమేనంది. కానీ అంత పెద్ద ప్రణాళిక వేయించడం కోర్టు పని కాదని ముగ్గురు జడ్జిల్లో ఇద్దరు అన్నారు. 2025లో కేసు ముగిసేదాకా ఒక్క సాక్షి కూడా బోను ఎక్కలేదు.

అదే దేశంలో మోంటానా రాష్ట్రంలో 16 మంది 2020లో వేసిన కేసు చూడు. ప్రాజెక్టుల పర్యావరణ సమీక్షలో అధికారులు భూమిని వేడెక్కించే గ్రీన్‌హౌస్ వాయువుల సంగతి చూడకూడదని అక్కడి చట్టంలో ఒక నిబంధన ఉండేది. శుభ్రమైన, ఆరోగ్యకరమైన పర్యావరణం పౌరుల హక్కని 1972 నాటి రాష్ట్ర రాజ్యాంగం చెబుతోంది. వాళ్లు ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి, ‘ఇది దానికి విరుద్ధం, కొట్టేయండి’ అన్నారు. 2023 ఆగస్టులో గెలిచారు. 2024 డిసెంబరులో రాష్ట్ర సుప్రీంకోర్టూ ఆ తీర్పును ఖాయం చేసింది. అడిగింది చిన్నదే, కానీ చేతికందింది.

నీకూ అలాంటి ఒక్క నిబంధనో, ఒక్క అనుమతో, ఒక్క లక్ష్యమో దొరకాలి. జర్మనీ వాళ్లకు దొరికింది 2030 తర్వాత ఏం చేస్తారో సరిగ్గా చెప్పని చట్టం. భారమంతా రేపటి వాళ్ల స్వేచ్ఛ మీద పడుతుందని రాజ్యాంగ న్యాయస్థానం 2021లో తప్పుపట్టింది. కొన్ని నెలల్లోనే ప్రభుత్వం 2030 కల్లా ఉద్గారాలను తగ్గించాలన్న లక్ష్యాన్ని 55 శాతం నుంచి 65కి పెంచుకుంది.

ఇంకో మాట. పైకోర్టుకు పరుగెత్తకు. ఆరుగురు పోర్చుగల్ పిల్లలు ముప్పైకి పైగా దేశాల మీద నేరుగా యూరప్ మానవ హక్కుల కోర్టుకు వెళ్లారు. ముందు సొంత దేశం కోర్టుల్లో అడగలేదన్నది వాళ్లను తిప్పి పంపడానికి చెప్పిన కారణాల్లో ఒకటి. అదే రోజు, 2024 ఏప్రిల్ 9న, అదే కోర్టులో స్విట్జర్లాండ్ పెద్దావిడల సంఘం తమ దేశం మీద గెలిచింది. వాళ్లు ఇంటి దగ్గరి కోర్టులన్నీ తిరిగి వచ్చినవాళ్లు. (మా వయసు వాళ్లను తక్కువ అంచనా వేయకు!)

సాక్ష్యం విషయంలో నా తప్పే చెబుతాను. ప్రాక్టీసు మొదట్లో ఒక ఫ్యాక్టరీ పొగ మీద ‘జనమంతా దగ్గుతున్నారు’ అని రాసి కేసు వేశాను. ఎవరు ఎప్పుడు డాక్టరు దగ్గరికెళ్లారో ఒక్క చీటీ కూడా జత చేయలేదు. పది నిమిషాల్లో కొట్టేశారు. తప్పు అవతలివాళ్లది కాదు, నాది. మోంటానా పిల్లలు మాత్రం కార్చిచ్చుల పొగ తమ ఊపిరినీ, కరువు తమ ఇంటి పశువులనూ ఏం చేసిందో కోర్టులో స్వయంగా చెప్పారు. మీ గుంపులోనూ ఎవరికి ఏం జరిగిందో తేదీలతో రాయించు. శాస్త్రవేత్తల నివేదికలు దాని వెనక రావాలి, ముందు కాదు.

ఓడితే అవతలివాళ్ల ఖర్చులు మీ మీద పడతాయేమో మీ వకీలును ముందే అడుగు. పద్దెనిమిది నిండని వాళ్ల తరఫున సంతకం ఎవరు చేస్తారో కూడా తేల్చుకో. వాయిదాలు ఏళ్ల తరబడి సాగుతాయి, ఈలోపు నీ పరీక్షలు ఆగవు.

ఈసారి ముందు చివరి పేజీ ఒక్కటే రాసి పంపు. మిగతా నలభై ఆ తర్వాత చూద్దాం.

నీ మావయ్య