ఆ పెద్ద ఫైలును తుడిచేయకు

చిరంజీవి అమ్మలుకి పెదనాన్న ఆశీస్సులు.

మీ కాలేజీ లైబ్రరీకి పుస్తకాల లెక్కలు చూసే కోహా సాఫ్ట్‌వేర్ పెడుతున్నావని, అదీ సిద్ధంగా దొరికే వర్చువల్ అప్లయన్స్ (అన్నీ ముందే ఎక్కించి, కంప్యూటర్‌లోపల నడిచే మరో కంప్యూటర్) దించుకొని పెడుతున్నావని మీ నాన్న ఫోన్లో చెప్పాడు. ఇంటికి వచ్చినవాళ్లందరికీ చెప్పుకున్నాను. రాత్రి మాత్రం నిద్ర పట్టలేదు. కోహా అంటే మావోరీ భాషలో కానుక. న్యూజిలాండ్‌లో పుట్టి 2000 జనవరిలో వాడకంలోకి వచ్చింది. కానుకే గానీ, సాకడం మన పని.

అప్లయన్స్ పెళ్లివారి విడిదిల్లు లాంటిది. మంచాలు, బిందెలు, తువ్వాళ్లు అన్నీ ముందే అమర్చి ఉంటాయి. తాళంచెవి ఎన్ని చేతులు తిరిగిందో ఎవరికీ తెలియదు. అందుకే నెట్‌వర్క్‌కు కలపకముందే దానితో వచ్చిన పాస్‌వర్డులన్నీ మార్చెయ్. దించుకున్న ఫైలు చెడలేదని తెలిపే చెక్‌సమ్ అంకె సరిచూడు. గడియారం అంతర్జాతీయ కాలమైన యూటీసీలో ఉంటే మన కాలమానానికి మార్చు, లేకపోతే సర్వరు తన పనులు రాసుకునే లాగ్ ఫైళ్లు చదివేటప్పుడు ఐదున్నర గంటల తేడాతో తల తిరుగుతుంది. లోపలి ఆపరేటింగ్ సిస్టమ్ డెబియన్‌కు మొదటి రోజే అప్‌డేట్లు వెయ్యి. యూపీఎస్ మరచిపోకు. ఇవన్నీ నీకు తెలిసినవే.

నీకు తెలియనిది నేను చేసిన నిర్వాకం.

పన్నెండేళ్ల కిందట నేనూ ఒక కాలేజీలో ఇదే పెట్టాను. అప్‌డేట్‌కు ముందు స్నాప్‌షాట్ తీశాను, అంటే ఏదైనా చెడితే వెనక్కి వెళ్లడానికి మెషీన్ ఆ క్షణాన ఉన్న స్థితిని గుర్తు పెట్టాను. అప్‌డేట్ బాగానే అయింది, స్నాప్‌షాట్ సంగతి మరిచాను. పైగా బ్యాకప్ ఉందన్న ధీమా ఒకటి. స్నాప్‌షాట్ తీసిన క్షణాన అసలు డిస్కు ఫైలు అక్కడే ఆగిపోతుంది. ఆ తర్వాత రాసే ప్రతి అక్షరం పక్కన పుట్టిన మరో ఫైలులోకి పోతుంది. నాలుగు నెలల్లో అది ఉబ్బి ఉబ్బి చోటంతా మింగేసింది. పరీక్షల ముందు ఒక సోమవారం సర్వరు ఆగింది. బయట పిల్లల వరుస. కంగారుగా వెతికితే పేరు చివర 000001 అని ఉన్న పెద్ద ఫైలు కనిపించింది. పాత నకలే కదా అనుకొని తుడిచేశాను.

ఆ నాలుగు నెలల లైబ్రరీ అంతా అందులోనే ఉంది. అసలు డిస్కును మరో మెషీన్‌కు తగిలించి తెరిస్తే స్నాప్‌షాట్ తీసిన రోజు కనిపించింది. కోహా రోజూ తనంతట తానే డేటాబేస్ నకలు తీస్తుంది గానీ తన కడుపులోనే దాచుకుంటుంది. అవీ పోయాయి. మా లైబ్రేరియన్ గారు కంప్యూటర్ మీద నమ్మకం లేక, ఇచ్చిన ప్రతి పుస్తకాన్నీ ఒక నోటు పుస్తకంలో రాసుకునేవారు. ఆవిడను ఎన్నిసార్లు ఎగతాళి చేశానో! మూడు వారాలు ఆవిడ చదువుతుంటే నేను ఎక్కించాను. ఒక్క మాట అనలేదు. అని ఉంటే బాగుండేది.

స్నాప్‌షాట్‌ను మూడు రోజులకు మించి ఉంచకు. ఇలాంటి వర్చువల్ మెషీన్లు నడిపే సాఫ్ట్‌వేర్ చేసే వీఎంవేర్ వాళ్లు చెప్పేదీ 72 గంటలే. దాన్ని తొలగించేటప్పుడు స్నాప్‌షాట్ మేనేజర్‌లోంచే తొలగించు, ఫైళ్ల జోలికి వెళ్లావో, ఊరుకోను. కోహా రాత్రి తీసిన నకలు తెల్లారేలోపు మరో డిస్కుకు చేరాలి. నెలకోసారి దాన్ని వేరే మెషీన్‌లో ఎక్కించి, ఒక పుస్తకం పేరు వెతికి, దొరికిందని నాకు మెసేజ్ పెట్టు. నస అనుకున్నా సరే. బియ్యం డబ్బా మూత తీసినా ఎంత చోటు మిగిలిందో చూస్తానని మీ పెద్దమ్మ ఇప్పటికీ నవ్వుతుంది.

అన్నం మానేసి ఆ గదిలో కూర్చోకు.

రెండు టెరాబైట్ల డిస్కు ఒకటి మీ నాన్నతో పంపుతున్నాను. డబ్బులిస్తానని మాత్రం అనకు.

మీ పెదనాన్న