రాత్రి వంటకు టమోటాలు: చిన్నాకు పెద్దమ్మ ఉత్తరం

మదనపల్లె

చిన్నా,

హాస్టల్ వదిలేసి స్నేహితుడితో కలిసి మియాపూర్‌లో గది తీసుకున్నావని, రాత్రి వంట నేనే చేసుకుంటా అన్నావని నిన్న మీ అమ్మ చెప్పింది. వినగానే కడుపు నిండింది. ఆ వెంటనే "కొత్త కుక్కర్ కూడా కొన్నాడక్కా" అంది. అప్పటినుంచి మనసు మనసులో లేదు. ఫోన్లో చెబితే సగం విని "సరే పెద్దమ్మా" అంటావు. అందుకే రాస్తున్నా. ఇది చదివి దాచిపెట్టకు, వంటింట్లో కళ్ళకు కనబడేచోట పెట్టు.

టమోటా వంటలతో మొదలుపెడతానన్నావట. మంచి పని. ఏడున్నరకు ఆఫీసు నుంచి వచ్చినవాడు ఎనిమిదిన్నరకల్లా తినాలంటే అంతకన్నా కలిసొచ్చే కాయ లేదు. తొక్క తీసే పని లేదు. పులుపూ రసమూ దానిలోనే ఉన్నాయి కాబట్టి గ్రేవీ కోసం కొబ్బరీ జీడిపప్పూ క్రీమూ అక్కర్లేదు. 100 గ్రాముల టమోటాలో 20 కేలరీలకు మించి ఉండవు. ఉడికిస్తే సి విటమిన్ కొంత పోతుంది గానీ, ఆ ఎరుపునిచ్చే లైకోపీన్ ఉడికి, నూనె తగిలితేనే ఒంటికి బాగా పడుతుంది. కాబట్టి ఆరోగ్యం పేరు చెప్పి నూనె మొత్తం మానేయకు. ఇద్దరి కూరకు రెండు చిన్న చెంచాలు చాలు.

కాయ చూసి కొను. కాస్త బల్లపరుపుగా, తొడిమ చుట్టూ నొక్కులు పడి, పట్టుకుంటే మెత్తగా తగిలేది నాటుకాయ. పులుపు ఎక్కువ, రసం ఎక్కువ. పప్పుకీ చారుకీ అదే. కోడిగుడ్డులా కోలగా, తోలు మందంగా ఉండేది లారీల్లో దూరాలు తట్టుకోవడానికి పెంచిన హైబ్రిడ్. కండ ఎక్కువ కాబట్టి కూరకు అది నయం. ఇద్దరికి వారానికి కిలోన్నర సరిపోతుంది. సగం పండినవి, సగం దోరవి తీసుకో. దోరవి ఫ్రిజ్‌లో పెట్టకు. 12 డిగ్రీలకన్నా చల్లటి చోట కాయ సరిగ్గా పండదు, వాసన పోతుంది, కోస్తే లోపల పిండిపిండిగా ఉంటుంది. పళ్ళెంలో తొడిమ కిందికి పెట్టి బయటే ఉంచి, బాగా పండి మెత్తబడ్డాక ఫ్రిజ్‌లోకి తొయ్యి. బూజు పట్టిన కాయ కోసి బాగున్నవైపు వాడకు. మెత్తటి కాయలో బూజు కంటికి కనబడేదానికన్నా లోపలికి పాకి ఉంటుంది.

ముందు పప్పు. టీ గ్లాసు నిండా కందిపప్పు ఇద్దరికి సరి. ఇంట్లోకి రాగానే, స్నానానికి పోకముందే కడిగి నానబెట్టు. అరగంట నానితే చాలు. మూడు గ్లాసుల నీళ్ళు, చిటికెడు పసుపు, అర చెంచా నూనె వేసి ఉడికించు. నూనె నురగను అణుస్తుంది. మొదటి విజిల్ వచ్చాక మంట తగ్గించి ఇంకో మూడు రానివ్వు. టమోటా, చింతపండు, ఉప్పు ఇప్పుడు వెయ్యకు. పులుపు తగిలితే పప్పు గింజ గోడ త్వరగా కరగదు, పలుకు మిగులుతుంది. మీ ఇంటి బోరు నీళ్ళు ఉప్పగా ఉన్నా అదే గతి, ఆ నీళ్ళలోని సున్నం పప్పును బిగిస్తుంది. తాగే నీళ్ళు పోసుకో. ఉడకలేదని వంటసోడా మాత్రం వెయ్యకు, పప్పులోని బి1 విటమిన్ పోతుంది, సబ్బు రుచి వస్తుంది.

పప్పు ఉడుకుతుండగానే పక్కన బాండీలో చెంచా నూనె, ఒక ఎర్రగడ్డ, నాలుగు పచ్చిమిరపకాయలు, చిన్న ముక్కలుగా కోసిన మూడు టమోటాలు వేసి మూతపెట్టి మగ్గించు. ఎనిమిది నిమిషాలు పడుతుంది. ఉడికిన పప్పును గుత్తితో ఎనిపి దీనిలో కలుపు. ఉప్పు ఇప్పుడు వెయ్యి. నాటుకాయలైతే చింతపండు అక్కర్లేదు, హైబ్రిడ్ అయితే గోళీకాయంత నానబెట్టి పిండు. ఒక్క ఉడుకు రానిచ్చి, చెంచా నూనెలో ఆవాలు, జీలకర్ర, రెండు ఎండుమిరపకాయలు, చితక్కొట్టిన నాలుగు తెల్లగడ్డ పాయలు, కరివేపాకు తాళింపు పెట్టు. తెల్లగడ్డ గోధుమరంగుకు తిరగ్గానే దించు, నల్లబడితే పప్పంతా చేదు.

అన్నీ ఒకేసారి కుక్కర్లో వేసి ఉడికించేవాళ్ళు చాలామంది ఉన్నారు. నీ స్నేహితుడు కూడా అదే చెబుతాడు. నువ్వు అలా చెయ్యొద్దు. ఎందుకో చెబుతా.

మీ అమ్మ ఎడమ మోచేతి కింద మడతపడ్డ మచ్చ చూసే ఉంటావు. చిన్నప్పుడెప్పుడో కాలిందని చెప్పి ఉంటుంది. నేను కాల్చానని చెప్పి ఉండదు. మూడు లీటర్ల కుక్కర్లో, చుట్టాలొచ్చారని, రెండు పెద్ద గ్లాసుల పప్పు, అరకిలో టమోటాలు, చింతపండు, నీళ్ళు ఒకేసారి పోశాను. ముప్పాతిక వంతు నిండింది. అది మొదటి తప్పు. పప్పు నురగ కట్టి పొంగుతుంది, కుక్కర్లో సగానికి మించి ఎప్పుడూ ఉండకూడదు. టమోటాలు రెండేసి చెక్కలుగా కోసి వేశాను. అది రెండోది. పెద్ద చెక్క ఉడికేసరికి తోలు ఊడి, గొట్టంలా చుట్టుకుని, నురగతోపాటు పైకి లేచి విజిల్ కింది రంధ్రంలో అడ్డం పడింది. విజిల్ రాలేదు. రాకపోతే పొయ్యి ఆపాలి. నేను మంట చాల్లేదనుకుని పెంచాను. సేఫ్టీ వాల్వ్ ఏళ్ళ తరబడి మార్చలేదు, గట్టిపడి ఉంది, అది పనిచెయ్యలేదు. కాసేపయ్యాక పొయ్యి ఆపి విజిల్ ఎత్తి చూస్తే ఆవిరి రాలేదు. లోపల ఆవిరి లేదనుకున్నాను. అక్కడే మోసపోయాను చిన్నా. రంధ్రం మూసుకుపోతే లోపల ఎంత ఆవిరి ఉన్నా విజిల్ ఎత్తితే బయటికి రాదు. మూత తియ్యమ్మా అన్నాను. మీ అమ్మకు అప్పుడు పన్నెండేళ్ళు. పిడి తిరగడం లేదక్కా అంది. గట్టిగా తిప్పు అన్నాను. పిడి బిగుసుకుందంటే దాన్ని పట్టి ఉంచింది ఆవిరే అని నాకు తట్టలేదు. మూత ఎగిరిపోయింది. నీళ్ళయితే పడి జారిపోతాయి. పప్పు జిగటగా అంటుకుని వేడి వదలదు. పైగా కంగారులో టూత్‌పేస్ట్ పూశాం. అది వేడిని లోపలే పట్టి ఉంచింది.

అందుకని ఇవి తప్పకు. మూతపెట్టే ప్రతిసారీ విజిల్ తీసి, రంధ్రంలోంచి వెలుతురు కనబడుతోందో లేదో ఒక కన్ను మూసి చూడు. కనబడకపోతే పుల్లతో పొడిచి కడుగు. పొయ్యి ఆపాక ప్రెజర్ దానంతటదే దిగాలి, పది పదిహేను నిమిషాలు పడుతుంది, ఆ టైంలో తాళింపుకు సర్దుకో. పప్పు కుక్కర్ మీద చన్నీళ్ళు పొయ్యడం, చెంచాతో విజిల్ ఎత్తి ఆవిరి వదలడం వద్దు, నురగ చిమ్ముతుంది. ఎప్పుడూ వచ్చే టైం దాటిపోయినా విజిల్ రాకపోతే పొయ్యి ఆపి, అరగంట దాని దగ్గరికి పోకు. ఆ తర్వాత పిడి వేలితో నొక్కితే కదలాలి. కదలకపోతే ఇంకా ఆగు. ఆకలేస్తే బయట తిను, ఒక్కపూటకు ఏమీ కాదు. గాస్కెట్ ఏడాదికోసారి మార్చు. సేఫ్టీ వాల్వ్ అదే కంపెనీది వేయించు. ఏది కాలినా, ఎంత కాలినా, కుళాయి కింద 20 నిమిషాలు పట్టుకో. ఐసు పెట్టకు, పేస్టు పూయకు. బొబ్బ అరచేయంత ఉంటే డాక్టర్ దగ్గరికి పో.

కోప్పడుతున్నానని అనుకోకు. నీకు చిన్నప్పటినుంచీ తొందర. అన్నం చల్లారేదాకా కూడా ఆగేవాడివి కాదు, నేను విసనకర్రతో విసురుతూ కూచునేదాన్ని.

రెండోది గుడ్డు టమోటా కూర. కుక్కర్ అక్కర్లేదు కాబట్టి నాకు ఇదే ఇష్టం, వారంలో మూడు రోజులు ఇదే చేసుకో. రెండు చెంచాల నూనెలో ఒక పెద్ద ఎర్రగడ్డ సన్నగా తరిగి మెత్తబడేదాకా వేయించు. నాలుగు కోలకాయలు కోసి వేసి, పావు చెంచా పసుపు, ముప్పావు చెంచా ఉప్పు వెయ్యి. ఉప్పు ముందే వేస్తే నీళ్ళు త్వరగా వదులుతాయి. ఐదు నిమిషాలు మూతపెట్టి, తర్వాత మూత తీసెయ్యి. ఇక్కడ ఓపిక కావాలి. నీళ్ళున్నంతసేపు బుడగలు చిన్నగా, గబగబా లేస్తాయి, కూర పల్చగా చిమ్ముతుంది. నీళ్ళు ఇగిరేకొద్దీ బుడగలు పెద్దవై, నిదానంగా ఉబ్బి పగులుతాయి. గరిటెతో అడుగున గీస్తే బాండీ కనబడి, ఆ గీత వెంటనే పూడకుండా నిలబడుతుంది. అంచుల్లో నూనె ఎర్రగా సన్నటి చారలా తేలుతుంది. పచ్చివాసన పోయేది అప్పుడే, అంతకుముందు ఎంత కారం వేసినా కూర నీళ్ళనీళ్ళగా, పుల్లగానే ఉంటుంది. అప్పుడు చెంచా కారం, చెంచా ధనియాలపొడి వేసి అర నిమిషం కలిపి, అర గ్లాసు వేడినీళ్ళు పొయ్యి. మరిగాక నాలుగు గుడ్లు ఒక్కొక్కటి చిన్న గిన్నెలోకి కొట్టి, వాసన చూసి, కూరలోకి జారవిడువు. కదపకు. సన్నమంట మీద మూతపెట్టి ఆరేడు నిమిషాలు ఉంచితే సొన గట్టిపడుతుంది.

స్టీలు బాండీ వాడు. ఇనప బాండీలో వండితే వెంటనే స్టీలు గిన్నెలోకి మార్చు. అల్యూమినియం గిన్నెలో టమోటా కూర రాత్రంతా ఉంచకు, పులుపు లోహాన్ని తింటుంది.

ఒంట్లో బాగాలేని రోజు చారు. మూడు నాటుకాయలు పిసికి, రెండు గ్లాసుల నీళ్ళు, ఉప్పు, పసుపు వేసి పది నిమిషాలు ఉడికించు. అర చెంచా మిరియాలు, చెంచా జీలకర్ర, నాలుగు తెల్లగడ్డ పాయలు కచ్చాపచ్చాగా దంచి వేసి, నురగ పైకి లేవగానే ఆపు. తెర్లకాగితే వాసన పోయి నీళ్ళు మిగులుతాయి. చారు ఒక్కటే అన్నంలోకి చాలదు, ఉడికించిన గుడ్డో, గిన్నెడు శనగలో పక్కన ఉండాలి.

ఊరిబిండి, అదే మన వేరుశనగ టమోటా పచ్చడి, నీకు తెలిసిందే. రెండు గుప్పెళ్ళ వేరుశనగ గింజలు దోరగా వేయించి, ఆరు ఎండుమిరపకాయలు, మూడు టమోటాలు చెంచా నూనెలో నీళ్ళు ఇగిరేదాకా మగ్గించి, చల్లారాక తెల్లగడ్డ, ఉప్పుతో కలిపి బరకగా తిప్పు. వేడిగా మిక్సీలో వేస్తే మూత ఎగురుతుంది, అదీ గుర్తుపెట్టుకో. మనింట్లో దీన్ని రాగిసంగటితో తింటాం గానీ సంగటి కెలకడం నీకు ఇప్పుడే చేతకాదు. అక్కడ సాయంత్రాలు రోడ్డు పక్కన జొన్నరొట్టెలు చేసి అమ్ముతారు కదా, రెండు తెచ్చుకో.

మీ తాతకు షుగరు, మీ నాన్నకు నలభై దాటకుండానే వచ్చింది. కాబట్టి రాత్రి అన్నం ఒక గరిటె, పప్పో కూరో రెండు గరిటెలు పెట్టుకో. ఉప్పు రోజు మొత్తానికి ఒక్క చిన్న చెంచా, అంటే 5 గ్రాములు దాటకూడదంటారు, దానిలో ఊరగాయ, కెచప్ కూడా లెక్కే. కెచప్‌లో చక్కెర కూడా ఉంటుంది. దాన్ని కూరలో పొయ్యకు. టమోటా పులుపు కొందరికి గొంతులోకి ఎగదన్నుతుంది, తిన్న రెండు గంటలదాకా పడుకోకు. మిగిలింది రెండు గంటల్లోపు ఫ్రిజ్‌లో పెట్టి, మర్నాడు బాగా మరిగించి తిను.

రేటు గురించి కంగారుపడకు. మన మార్కెట్లో కూలి గిట్టక రోడ్డు పక్కన పారబోసిన రోజులూ చూశాం, 2023 జులైలో కిలో రెండొందల దగ్గరికి పోయిందీ చూశాం. చవగ్గా ఉన్నప్పుడు రెండు కిలోలు ఉడికించి, మిక్సీలో తిప్పి, సగానికి ఇగిరించి, ఐస్ ట్రేలో గడ్డకట్టించి డబ్బాలో పోసుకో. కూరకు నాలుగు గడ్డలు వేసుకోవచ్చు. బాగా పిరమైతే ఆ నెల గోంగూర, చింతచిగురు, మామిడికాయతో పప్పు చేసుకో.

పప్పుగుత్తి, రెండు గాస్కెట్లు, మీ అమ్మ పట్టిన ధనియాలపొడి రేపటి బస్సు పార్శిల్లో వేస్తున్నా. గాస్కెట్లు మూడు లీటర్ల సైజువి. నీ కుక్కర్ వేరే సైజైతే పెట్టకు, నాకు చెప్పు, మార్చి పంపుతా. మొదటిసారి పప్పు వండిన రోజు ఫోన్ చెయ్యి. మూత తీసేముందు చేసినా సరే, ప్రెజర్ దిగేదాకా మాట్లాడుకుందాం.

ఆశీస్సులతో
పెద్దమ్మ