పది తులాలంటే ఎవరి లెక్క వాళ్లది

ప్రశ్న: మాది మిర్యాలగూడ దగ్గర పల్లె. మాఘమాసంలో బిడ్డ లగ్గం. మగపెళ్లివాళ్లు అడగలేదు, పది తులాల బంగారం పెడదామని మేమే అనుకున్నాం. బిడ్డ వడ్డాణం, గుట్టపూసల హారం కావాలంటుంది. వాళ్ల నాన్న సాదా గాజులు, పుస్తెలతాడు చాలంటాడు. వారం నుంచి ఇద్దరికీ మాటల్లేవు. ఏం చేయాలి?

జవాబు: అమ్మా, రేపు ఆపదొస్తే కుదువబెట్టడానికి పనికొస్తుందా అని ఆయన చూస్తున్నారు. బిడ్డ పీటల మీద కూర్చునే రోజును చూస్తోంది. ఇద్దరిదీ న్యాయమే. గొడవ తరుగు దగ్గరుంది, అంటే నగ చేయడంలో పోయే బంగారమని షాపువాళ్లు అదనంగా వేసే లెక్క. అది ఇద్దరికీ కాగితం మీద చూపించండి.

ఇప్పుడు షాపులో తులమంటే 10 గ్రాములు. హారం 60 గ్రాములు తూగినా ముత్యాలు, రాళ్లు పోను బంగారం 48 గ్రాములే ఉందనుకోండి. 18 శాతం తరుగంటే 8.64 గ్రాములు. అంతే బరువున్న సాదా గాజులకు 8 శాతమైతే 3.84. దాదాపు అర తులం తేడా. మీద 3 శాతం జీఎస్టీ. తిరిగి అమ్మేనాడు తరుగు రాదు, ముత్యాలకు సరైన ధరా కట్టరు.

నా మాటగా అయితే పుస్తెలతాడు 30 గ్రాములు, నాలుగు గాజులు 40, గుట్టపూసల చిన్న నెక్లెస్ 22, బుట్టకమ్మలు 8. పుస్తెలతాడు మాత్రం బోలుది వద్దు. రోజూ మెడలో రాసుకుని కొంకీ దగ్గర అరిగి తెగుతుంది. వడ్డాణం ఈ బడ్జెట్‌లో వద్దనే చెబుతాను. తక్కువ బరువులో చేయిస్తే రేకు పలచనై సొట్టలు పడుతుంది, కీలు ఊడుతుంది. ఆ ఒక్క రోజుకు వన్ గ్రామ్ గోల్డ్‌ది కిరాయికి తేండి.

కొనేటప్పుడు నగ మీద 22 క్యారెట్లని చెప్పే 916 ముద్ర, ఆ నగకే ఉండే ఆరక్షరాల గుర్తింపు కోడ్ హెచ్‌యూఐడీ చూసి, ఆ కోడ్‌ను బీఐఎస్ కేర్ యాప్‌లో కొట్టండి. బిల్లులో మొత్తం బరువు, రాళ్ల బరువు, నికర బరువు, తరుగు విడివిడిగా రాయించండి. పత్తి అమ్మిన డబ్బని అంతా నగదుగా పట్టుకెళ్లకండి. 2 లక్షలు, ఆపైన షాపువాళ్లు నగదు తీసుకోకూడదు, పాన్ కూడా అడుగుతారు. మీ పాత నగలు మారుస్తుంటే కళ్ల ముందే కరిగించమనండి. అవుసులాయన (కంసాలి) చేసిన పాత నగల్లో లోపల లక్క, అతుకుల్లో టంకం ఉంటాయి, కరిగాక బరువూ స్వచ్ఛతా తగ్గుతాయి. ఆ సంగతి మీ ఆయనకు ముందే చెప్పండి, లేకపోతే కోపం షాపులో బయటపడుతుంది.

వీలైతే బిల్లు బిడ్డ పేరుతో తీసుకోండి. పెట్టిన నగల జాబితా రాసి వధూవరులిద్దరితో సంతకం చేయించండి, వరకట్న నిషేధ చట్టం కింద వచ్చిన 1985 నిబంధనలు చెప్పేదీ అదే. వీటన్నిటికంటే ముందు, ఎక్కడా అడ్వాన్స్ ఇవ్వకుండా, తండ్రీబిడ్డలను కలిపి నల్లగొండలో రెండు షాపులకు పంపండి. నెక్లెస్ ఏదో బిడ్డ ఎంచుకుంటుంది, తరుగు ఆయన బేరమాడతారు.