సీటు కొనే ముందు ఒకసారి అట్ట మీద కూర్చో

అమ్మలూ,

రాత్రి నువ్వు పంపిన వాయిస్ మెసేజ్ రెండుసార్లు విన్నాను. భీమిలి నుంచి సైకిల్ తొక్కుకుంటూ తిరిగొచ్చేటప్పుడు సీటు మీద కూర్చోలేకపోయానన్నావు. 40 కిలోమీటర్లకే ఇలా ఉంటే 200 ఎలా తొక్కుతానత్తా అంటుంటే నీ గొంతు వణికింది. కింద రెండు సీట్ల ఫొటోలు పెట్టావు. ఒకటి జెల్ నింపిన లావుపాటిది, రెండోది 150 గ్రాముల కార్బన్‌ది. నా మాట విని రెండూ కొనకు. ఎందుకో చెబుతాను, ఓపిగ్గా చదువు.

నా మొదటి 200 కిలోమీటర్ల బ్రెవేకి, అంటే గడువులోగా పూర్తి చెయ్యాల్సిన దూరపు సైకిల్ రైడ్‌కి, ముందు నేనూ జెల్ సీటే కొన్నాను. షాపులో బొటనవేలితో నొక్కి చూశాను, వెన్నలా దిగింది. మొదటి 50 కిలోమీటర్లు హాయిగానే ఉంది. శృంగవరపుకోట దాటి ఘాట్ మొదలయ్యాక పిర్రలు కాదు, ముందు భాగం తిమ్మిరెక్కింది. తిరుగుదారిలో సగం దూరం పెడల్స్ మీద నిలబడే తొక్కాను. 13 గంటల 30 నిమిషాల గడువులో పూర్తి చేశాను గానీ, తిమ్మిరి రెండు రోజుల దాకా వదల్లేదు. ఆ సంగతి ఎవరికీ చెప్పుకోలేదు. నువ్వలా దాచుకోకూడదనే ఇంత విడమరిచి రాస్తున్నాను.

మనం కూర్చున్నప్పుడు బరువు మోసేవి పిర్రల కింద ఉండే రెండు ఎముకలు. సీటు ఆ రెండిటినీ ఆనించుకుంటే చాలు. మరీ మెత్తటి సీటులో అవి లోపలికి దిగిపోతాయి, పక్కకి తప్పుకున్న జెల్ మధ్యలో పైకి ఉబుకుతుంది. అక్కడ నరాలు, రక్తనాళాలు నలుగుతాయి. తిమ్మిరి అందుకే. దూదిపరుపు మీద రాత్రంతా పడుకుంటే పొద్దున్న నడుం పట్టేసినట్టే ఇదీ. అరగంట తొక్కి కూరగాయలు తెచ్చుకోడానికి మెత్తటి సీటు బాగుంటుంది, ఆరేడు గంటలు కూర్చోడానికి కాస్త గట్టిగా ఉండాలి.

కాబట్టి ముందు నీ ఎముకల ఎడం తెలుసుకో. ఫ్రిజ్ లాంటి సామాను వచ్చే అట్టపెట్టె ఉంటుంది చూడు, మధ్యలో అలలు అలలుగా ఉండే అట్ట, అది ఒక ముక్క కోసి గట్టి స్టూలు మీద వెయ్యి. పల్చటి లెగ్గింగ్ వేసుకుని దాని మీద కూర్చో. మడమలు ఎత్తి, సైకిల్ మీద ఎంత వంగుతావో అంతే ముందుకి వంగు. స్టూలు అంచులు రెండు చేతులా పట్టుకుని ఒళ్లు కిందికి లాక్కుంటూ అర నిమిషం ఉండు. లేచి చూస్తే రెండు గుంటలు కనిపిస్తాయి. సరిగ్గా తెలియకపోతే చాక్‌పీసు అడ్డంగా పెట్టి పైపైన రుద్దు, గుంటల్లో తెలుపు అంటదు. ఈ గుంట నడిమి నుంచి ఆ గుంట నడిమికి స్కేలుతో కొలువు. పెద్దవాళ్లలో చాలామందికి 100 నుంచి 150 మిల్లీమీటర్ల మధ్య ఉంటుంది. వచ్చినదానికి 20 నుంచి 30 కలుపు, సుమారుగా అదే నీ సీటు వెడల్పు. బాగా వంగి తొక్కేవాళ్లకి తక్కువ కలిపినా సరిపోతుంది, నీలా నిటారుగా కూర్చునేవాళ్లకి ఎక్కువ కావాలి. నాకు 125 వచ్చింది, 155 సీటు మీద కుదురుకున్నాను. అంతకుముందు సైకిల్‌తో వచ్చిన సీటు 143. సన్నగా ఉన్నాను కదా, సన్న సీటు చాలనుకోకు. ఒంటి లావుకీ ఎముకల ఎడానికీ లెక్క కుదరదు. ఆడవాళ్లకి సాధారణంగా ఆ ఎడం కాస్త ఎక్కువే.

ఇంకో మాట, సిగ్గుపడకుండా గమనించుకో. నొప్పి సరిగ్గా ఎక్కడ? ఎముకల దగ్గర పచ్చిపుండులా ఉంటే, కొత్తగా తొక్కేవాళ్లకి రెండు మూడు వారాల్లో అలవాటవుతుంది. తొడల లోపలి వైపు ఒరుసుకుపోతుంటే సీటు ముక్కు లావై ఉండొచ్చు, లేదా సీటు ఎత్తు ఎక్కువై ఉండొచ్చు. ముందు భాగం తిమ్మిరెక్కినా, వాచినా మాత్రం భరించి తొక్కకు. దానికి మధ్యలో కోత ఉన్న సీటు చూడు, పొట్టి ముక్కుదైతే ఇంకా మంచిది. సీటు మార్చినా తగ్గకపోతే డాక్టరుకి చూపించుకోవాల్సిందే.

బరువు సంగతికి వస్తాను, నీ మనసంతా అక్కడే ఉందిగా. బాగా సరిపోయే సీట్లు 220 నుంచి 300 గ్రాముల మధ్య బోలెడు దొరుకుతాయి. నువ్వు చూసిన కార్బన్‌దానికీ వీటికీ తేడా మహా అయితే 150 గ్రాములు. నీ బాటిల్లో నీళ్లే 750 గ్రాములు తూగుతాయి. కూర్చోలేక నిలబడి తొక్కితే పోయే శక్తి ముందు ఆ తేడా లెక్కలోకి రాదు. పైగా సీటు అడుగున ఉండే రెండు కడ్డీలు, అవే రెయిల్స్, కార్బన్‌వైతే మామూలు 7 మిల్లీమీటర్ల గుండ్రటివి కావు, 7 బై 9 కోడిగుడ్డు ఆకారంవి. సీటుని మోసే గొట్టం పైనుండే నీ సీట్ పోస్ట్ క్లాంప్ వాటిని సరిగ్గా పట్టకపోతే రెయిల్ చిట్లుతుంది. తేలిక కావాలంటే టైటానియం రెయిల్స్ ఉన్నది తీసుకో. బీచ్ రోడ్డు ఉప్పుగాలికి ఉక్కు రెయిల్స్ ఎలా తుప్పు పడతాయో నా సైకిల్ కింద చూసే ఉంటావు. టైటానియానికి ఆ బాధ లేదు.

మీ క్లబ్బు పెద్దాయన చెప్పిన తోలు సీటు, బ్రూక్స్ బీ17, నిజంగా గొప్ప సీటే. తోలు మెల్లగా మన ఒంటి ఆకారం తెచ్చుకుంటుంది. కానీ అర కిలోకి పైనే ఉంటుంది, వానలో తడిస్తే సాగిపోతుంది. మన విశాఖ వానలకి దాన్ని కాపాడుకోవడం ఒక పని. మొదటి సీటుగా నీకు నేను చెప్పను.

అసలు డబ్బు పెట్టేముందు ఉన్న సీటునే సరిచేసి చూడు. గోడకి ఆనుకుని సైకిలెక్కి, మడమ పెడల్ మీద పెట్టి అడుగుదాకా దించు. కాలు తిన్నగా రావాలి. మడమ అందడానికి నడుం పక్కకి ఒరిగితే సీటు ఎక్కువ ఎత్తులో ఉన్నట్టు. తర్వాత ఫోన్‌లో లెవెల్ చూపించే యాప్ తెరిచి, సీటు మీద చదరంగా ఒక పుస్తకం పెట్టి, దాని మీద ఫోన్ ఉంచు. సమంగా ఉండాలి, ముక్కు ఒకటి రెండు డిగ్రీలు దిగినా ఫరవాలేదు. ముక్కు పైకి లేస్తే తిమ్మిరి తప్పదు, మరీ దిగితే ముందుకి జారిపోతూ బరువంతా అరచేతుల మీద పడుతుంది. ఒకసారికి ఒకటే మార్చు, అదీ ఐదు మిల్లీమీటర్లకి మించకుండా. మార్చిన ప్రతిసారీ ఒక రైడ్ చేసి చూడు. హ్యాండిల్ దూరం కూడా చూడాలి, అది నేనొచ్చినప్పుడు చూస్తాను.

ప్యాడ్ షార్ట్స్ కింద లోదుస్తులు వేసుకోకు, కుట్లే ఒరుస్తాయి. ఒరుసుకునే చోట వాజిలిన్ రాసుకో. ప్రతి పావుగంటకీ పది సెకన్లు పెడల్స్ మీద లే. ఇంటికి రాగానే షార్ట్స్ విప్పి స్నానం చెయ్యి. తడి బట్టతో ఫోన్ చూస్తూ కూర్చుంటే సెగ్గడ్డలు లేస్తాయి, నీకా అలవాటు ఉందని మీ అమ్మ చెప్పింది. ఏ సీటు కొన్నా, వాడి చూసి మార్చుకోనిచ్చే షాపులోనే కొను. బ్రెవే రోజున కొత్త సీటు ఎక్కించకు, కనీసం మూడు పెద్ద రైడ్లు దాని మీద అయి ఉండాలి.

ఆదివారంలోగా అట్ట కొలత మిల్లీమీటర్లలో పంపు. 120, 135 మధ్య వస్తే మా అటక మీదున్న నా పాత 155 సీటు మీ మావయ్య చేత పంపిస్తాను. కోత ఉన్నదే, రెయిల్స్ టైటానియంవే. మూడు వారాలు తొక్కి, ఎక్కడ నొప్పి పుట్టిందో రాసిపెట్టుకో. సీటు బోల్టులు తిప్పడానికి ఎలెన్ కీల సెట్టు కూడా అదే సంచిలో వేస్తాను.

అత్త