పట్వారీ తల దించుకునే ముందు

ధర్మాబాద్, నాందేడ్ జిల్లా

అమ్మాయీ,

నీ స్క్రీన్‌ప్లే రెండుసార్లు చదివాను. ఉత్తరంలో ఐదు ప్రశ్నలు అడిగావు. నేను రాయగలిగింది ఒక్క విషయమే.

నలభై రెండో సీనులో "పట్వారీ తల దించుకుని పక్కకు తప్పుకున్నాడు" అని రాశావు. బాగుంది. ఆ వాక్యం నన్ను రాత్రంతా నిద్రపోనివ్వలేదు. కానీ ఆ తర్వాత అతను మళ్లీ కనిపించడేం? ఇరవై పేజీల పొడుగునా రజాకార్లు పగలబడి నవ్వుతూ ఇళ్లు తగలబెట్టడమే. ఆ నవ్వు చదివితే నాకు ఒళ్లు మండింది. 1948 దాకా మన నాందేడ్ నిజాం ఏలుబడిలోనే ఉంది. తుపాకీ కంటే ముందు ఊళ్లోకి వచ్చేది సిరాబుడ్డి.

మా తాత పట్వారీ, ఊరి భూమి లెక్కలు రాసేవాడు. సర్కారుకు తప్పనిసరిగా ఇవ్వాల్సిన లెవీ ధాన్యం బాకీపడ్డ ఇళ్ల జాబితా ఆయనే రాసేవాడు. ముత్యాల్లాంటి అక్షరాలని ఊరంతా మెచ్చుకునేది. జాబితాకెక్కిన ఇంటికి తెల్లారేసరికి జవాన్లు వచ్చి గాదె ఊడ్చుకుపోయేవారు. ఒక ఇంట్లో విత్తనానికి దాచిన జొన్నలు కూడా మిగల్చలేదు. ఆ కుటుంబం ఊరు విడిచిపోయింది. చాలా ఏళ్ల తర్వాత నేను అడిగితే, "నేను రాసింది పేర్లే కదరా" అన్నాడు తాత. నిజమే, ఆయన ఎవరి మీదా చెయ్యి చేసుకోలేదు. నా చేత అక్షరాలు దిద్దించింది ఆ చెయ్యే. నలభై ఏళ్లుగా నేను రాస్తున్నదంతా దాని గురించే.

తాత మీద రాసిన కథను మొదటిసారి పంపినప్పుడు ఒక సంపాదకుడు తిప్పి పంపాడు. పట్వారీని దుర్మార్గుణ్ణయినా చెయ్యి, లేదా చివర్లో ఏడిపించు అన్నాడు. రెండూ చెయ్యలేదు. కథ పదకొండేళ్లు ట్రంకుపెట్టెలో ఉండిపోయింది. ఆయన్ని నేను ఇప్పటికీ క్షమించలేదు. ఈ రోజుల్లో చరిత్ర పేరుతో తీస్తున్న సినిమాలకూ అదే జబ్బు. విలన్‌ను చూసి మనం మంచివాళ్లమనుకుంటూ ఇంటికి పోవాలి!

క్లాడ్ లాంజ్‌మన్ తీసిన 'షోవా' (1985) చూడు. తొమ్మిది గంటలకు పైగా ఉంటుంది, ఓపిక పట్టు. శవాల పాత దృశ్యం ఒక్కటి కూడా వాడలేదు. యూదులను నాజీల ట్రెబ్లింకా మరణ శిబిరానికి చేర్చిన ప్రత్యేక రైళ్ల టైమ్‌టేబుల్ పని చూసిన జర్మన్ ఉద్యోగి అందులో మాట్లాడతాడు. తాను బల్ల దగ్గరి నుంచి కదలనే లేదంటాడు. నాకు మా తాత గొంతే వినిపించింది. జోనథన్ గ్లేజర్ 'ది జోన్ ఆఫ్ ఇంట్రెస్ట్' (2023)లో ఆష్‌విట్జ్ నాజీ శిబిరం కమాండెంట్ భార్య, ఖైదీల నుంచి లాక్కున్న ఫర్ కోటు తొడుక్కుని అద్దంలో చూసుకుంటుంది. జేబులో లిప్‌స్టిక్ దొరుకుతుంది. పూసుకుంటుంది. ఇంటి గోడ అవతల, ఆ శిబిరంలో ఏం జరుగుతోందో ఆమెకు తెలుసు. ఆ లిప్‌స్టిక్ పక్కన నీ ఇరవై పేజీల మంటలు నిలుస్తాయా, చెప్పు.

మన నేల మీది కథే కావాలంటే శ్యామ్ బెనెగల్ 'నిశాంత్' (1975) ఉంది. భార్యను దొర మనుషులు ఎత్తుకుపోతే బడిపంతులు పోలీసు దగ్గరికీ కలెక్టరు దగ్గరికీ తిరుగుతాడు. ఎవరి వల్లా పని జరగదు. నేను భయపడేది అలాంటి కుర్చీల్లో కూర్చున్నవాళ్లను చూసే.

నలభై రెండో సీనుకు ముందు రాత్రి రాసి పంపు. పట్వారీ భార్య ఏం వండిపెట్టింది, దీపంలో నూనె ఎవరు పోశారు, అతను జాబితాలో రాసిన మొదటి పేరు ఎవరిది? ఆ పేరు గలవాడితో అతను ఆ సాయంత్రం ఏం మాట్లాడాడు?

ఆశీస్సులతో,
మీ మాస్టారు